గుట్ట నుండి చికాగోకు ఎన్ని జాములు?

యాదగిరిగుట్ట కింద, మెట్లదారి మొదట, దర్శనము ముగించుకొని దిగి వచ్చినవారు కాళ్లు చాపుకొని కూర్చునే నీడపట్టు ఒకటి ఉన్నది. కార్తీకమాసములో ఒకనాటి ఉదయము నేను అక్కడ కూర్చుండగా, ప్రక్కనున్న ఒక వృద్ధురాలు నా చేతిలోని పుస్తకము వంక చూచి, "సారూ, నువ్వు బడిపంతులువా?" అని అడిగినది. ముప్పది ఏండ్లు భూగోళము చెప్పి విరమించినవాడనని చెప్పినాను.

"అట్లయితె నాకొక్క ముచ్చట చెప్పు. చికాగో ఈడికెంత దూరముంటది?"

ఈ ప్రశ్నను తరగతి గదులలో నన్ను ఎందరో పిల్లలు అడిగి ఉన్నారు. కనుక జవాబు నాలుక చివరనే ఉన్నది. "పదమూడువేల మూడువందల కిలోమీటర్లు, అవ్వా" అన్నాను. ఆమె కొంతసేపు నా ముఖము వంక చూచి, "గంటలల్ల చెప్పు సారూ" అన్నది.

నేను చెప్పిన అంకె తప్పు కాదు. కాని ఆమె అడిగినది ఆ అంకెను కాదు. ఆమెకు నేను చివరకు ఏమి చెప్పినానో తరువాత మనవి చేస్తాను. ముందుగా ఆ అంకె ఎక్కడి నుండి వచ్చినదో, అది గంటలలోనికి మారేటప్పుడు ఎన్ని చిక్కులు పడుతుందో చూడవలసి ఉన్నది.

పాఠశాలలో గోళము ఉన్నచోట ఉపాధ్యాయ మిత్రులు ఒక చిన్న ప్రయోగము చేయించవచ్చును. ఒక దారము తీసికొని, ఒక కొనను హైదరాబాదు మీద, రెండవ కొనను చికాగో మీద ఉంచి, వదులు లేకుండ బిగించవలెను. దారము తనంతట తానే అతి పొట్టి దారిని వెదకికొంటుంది. ఆ పొడవును భూమధ్యరేఖ మీద పరచి చూస్తే రేఖ మొత్తములో ఇంచుమించు మూడవ వంతు వస్తుంది. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. అందులో మూడవ వంతు 13,358. అక్షాంశ రేఖాంశములతో లెక్క కట్టితే వచ్చే దూరము సుమారు 13,290. దారముతో కొలిచిన కొలతకు ఇంతకన్న దగ్గరి ఫలితము ఎవరు కోరుతారు?

అయితే పిల్లలను ఆశ్చర్యపరచేది పొడవు కాదు, దారము పోయే దిక్కు. అమెరికా ఎటున్నదని అడిగితే తరగతిలో చేతులన్నీ పడమటికి లేస్తాయి. గోడపటము మనకు నేర్పినది అదే. ఆ పటము మీద బద్ద పెట్టి హైదరాబాదు నుండి చికాగోకు గీత గీస్తే, అది అరేబియాను, సహారా ఎడారిని, అట్లాంటిక్ సముద్రమును దాటి పోతుంది. గోళము మీది దారము మాత్రము దాదాపు సరిగా ఉత్తరమునకే బయలుదేరుతుంది. పడమటి వైపు మొగ్గు పన్నెండు డిగ్రీలకు లోపే. బెరారులోని అమరావతి, తరువాత జయపురము, అమృతసరము, శ్రీనగరము — వీటి చేరువగా పోయి, పామీరు కొండలు దాటి, ఫెర్గానా లోయ మీదుగా కజకిస్తాన్‌లో ప్రవేశిస్తుంది. పశ్చిమ సైబీరియా, బారెంట్సు సముద్రము గడచి, స్పిట్స్‌బెర్గెన్ ద్వీపము మీద మంచులో నడచి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశము దగ్గర శిఖరమునకు చేరుతుంది. ఉత్తర ధ్రువము అక్కడికి పన్నెండువందల కిలోమీటర్లే. అక్కడి నుండి దిగుడు ప్రారంభము: గ్రీన్లాండు, బాఫిన్ ద్వీపము, హడ్సన్ అఖాతము, అంటారియో అడవులు, ఆ మీద మిషిగన్ సరస్సు, దాని ఒడ్డున చికాగో. పడమటి దేశమునకు పోతున్నానని విమానమెక్కినవాడు ఉత్తరమునకు ఎక్కి దక్షిణమునకు దిగుతున్నాడన్నమాట.

గోడపటము మీది గీత వెంటనే పోయినట్లయితే ప్రయాణము 16,100 కిలోమీటర్లు అవుతుంది. అనగా బద్ద చూపిన తిన్నని దారి, దారము చూపిన వంకర దారికన్న రెండువేల ఎనిమిదివందల కిలోమీటర్లు ఎక్కువ. 1569లో మెర్కేటరు ఆ పటపు పద్ధతిని కల్పించినది నావికుల మేలు కొరకు. దిక్సూచిని ఒకే కోణములో పట్టుకొని పోదలచినవానికి ఆ గీత తిన్ననిది. పొట్టిది మాత్రము కాదు. పటము అబద్ధము చెప్పలేదు. ఓడవాడు అడిగిన ప్రశ్నకు అది బదులు చెప్పినది. మనము దానిని వేరొక ప్రశ్న అడుగుతున్నాము. నేను ఆ వృద్ధురాలికి ఇచ్చిన జవాబు వంటిదే ఇదియును.

ఇక గంటల సంగతి. పెద్ద విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. 13,300ను 900తో భాగిస్తే పదిహేను గంటలకు కొంచెము తక్కువ. ఈ పదిహేను అను అంకెను చూచినప్పుడెల్ల నాకు మరొక లెక్క జ్ఞాపకము వస్తుంది. గుట్ట నుండి హైదరాబాదు అరువది కిలోమీటర్లు. ఎడ్లబండి గంటకు నాలుగు కిలోమీటర్లు నడచునని అనుకొంటే అదియును పదిహేను గంటలే. అనగా రైలు రాకముందు మన పెద్దలు గుట్ట నుండి పట్టణము చేరుటకు బండిలో గడిపిన గంటలే, నేడు వారి మునిమనుమడు చికాగో చేరుటకు విమానములో గడుపుతున్నాడు. వారు దూరమును ఆమడలలో చెప్పేవారు. క్రోసు రెండు మైళ్లు, నాలుగు క్రోసులు ఒక ఆమడ అను లెక్కన, పట్టణము అయిదు ఆమడలకు లోపు. చికాగో వేయి ఆమడలకు పైన. కాలమును మాత్రము వారు జాములలో చెప్పేవారు. మూడు గంటలు ఒక జాము. పట్టణము అయిదు జాములు, చికాగో అయిదు జాములు!

కాని ఈ సమీకరణము నల్లబల్ల మీద ముచ్చటగా ఉండునే కాని, ఆకాశములో అంత సులభముగా నిలువదు. దారము చూపిన దారిని విమానము ఉన్నదున్నట్లు పట్టుకొని పోలేదు. అందుకు మొదటి అడ్డంకి కొండలే. విమానము గదిలోని గాలి ఏ కారణముచేతనైనను తగ్గిపోతే, ప్రయాణికులు ఊపిరి పీల్చుకొనుటకు వీలైన ఎత్తునకు, అనగా సుమారు మూడువేల మీటర్లకు, విమానము త్వరగా దిగవలెను. తలపైని ముసుగులలో వచ్చే ప్రాణవాయువు కొద్ది నిమిషములకే చాలుతుంది. కింద ఏడువేల మీటర్ల శిఖరములు నిలిచి ఉంటే దిగుటెక్కడ? కనుక హిమాలయ, కారకోరము శ్రేణుల మీద విమానములు తమకు నచ్చినచోట పోవు. తప్పించుకొనే దారి ముందుగా చూచుకొని పోతాయి.

రెండవ అడ్డంకి ప్రభుత్వములు. భూమి మీద సరిహద్దు ఉన్నట్లే ఆకాశమునకును ఉన్నది. 2022లో యుక్రెయిన్ యుద్ధము ఆరంభమైన పిదప రష్యా ఆకాశము అనేక పాశ్చాత్య దేశముల విమానములకు మూసికొనిపోయినది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశమును భారతీయ విమానములకు మూసినప్పుడు, ఉత్తర భారతము నుండి అమెరికాకు పోవు విమానములు దక్షిణముగా చుట్టి, కొన్ని మార్గమధ్యమున ఐరోపాలో ఇంధనమునకు దిగి పోవలసి వచ్చినది. నగరములు ఎక్కడివక్కడనే ఉన్నవి, గోళము మారలేదు, దూరము మాత్రము పెరిగినది.

మూడవది గాలి. భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, మధ్య అక్షాంశములలో, పడమటి నుండి తూర్పునకు వేగముగా ప్రవహించే వాయునదులు ఉన్నవి. వెనుక నుండి తోసినప్పుడు అవి విమానమునకు ఉపకారము, ఎదురైనప్పుడు అపకారము. 2020 ఫిబ్రవరిలో న్యూయార్కు నుండి లండనుకు ఒక విమానము 4 గంటల 56 నిమిషములలో చేరినది. తుపాను గాలి దానిని వెనుక నుండి నెట్టినది. అదే దూరమునకు, లండను నుండి న్యూయార్కుకు, ఏడెనిమిది గంటలు పట్టుట మామూలు. పోయిన దారికి వచ్చిన దారికి కాలము సమానమని లెక్క వేసే విద్యార్థికి నేను మార్కులు ఇస్తాను. విమానము నడిపేవాడు ఇయ్యడు.

ఇన్ని అడ్డంకులను దాటి హైదరాబాదు నుండి చికాగోకు ఎక్కడను దిగకుండ పోయే విమానము ఒకటి కొంతకాలము నడచినది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా దానిని ప్రారంభించినది. పదహారు గంటలకు మించిన ప్రయాణము. ఆ నెలలోనే అదే సంస్థ విమానమొకటి శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఉత్తర ధ్రువము మీదుగా బెంగుళూరుకు వచ్చినది. జోయా అగర్వాల్ నాయకత్వమున పాపగారి తన్మయి మొదలగు మహిళలే దానిని నడిపినారు. దాదాపు పదునాలుగువేల కిలోమీటర్లు, పదిహేడు గంటలు. హైదరాబాదు నుండి పోయిన సర్వీసు మాత్రము చాలకాలము సాగలేదు. కనుక మనవాడు దుబాయిలోనో, దోహాలోనో, ఐరోపాలోని మరొక నగరములోనో దిగి మారవలసినదే. దుబాయి మీదుగా పోతే దారి పొడవు 14,200 కిలోమీటర్లు. అధికమైనది తొమ్మిదివందలు, గంటసేపటి పని. కాలము హరించేది ఆ తొమ్మిదివందలు కాదు, దుబాయిలో బల్ల మీద కూర్చుండి రెండవ విమానము కొరకు చూచే చూపు. ఎక్కుటకు ముందు మూడు గంటలు, నడుమ మూడు గంటలు, దిగిన తరువాత వరుసలో ఒక గంట. విమానముల వేగమును గురించి వ్రాసే పుస్తకములలో ఈ గంటలు కనబడవు.

ఇట్లు విసుగుకొనుట న్యాయమేనా అని నన్ను నేను ప్రశ్నించుకొన్న సందర్భములు లేకపోలేదు. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో వివేకానందుడు పాశ్చాత్య దేశములకు పోదలచిన తన సంకల్పమును గురించి ఉపన్యసించినాడు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కినాడు. కొలంబో, సింగపూరు, హాంకాంగు, జపాను చుట్టి, పసిఫిక్ సముద్రము దాటి, జూలై చివర వాంకూవరులో దిగి, అక్కడి నుండి రైలులో చికాగో చేరినాడు. రెండు నెలలు. అప్పటికి సికింద్రాబాదు నుండి బెజవాడకు రైలుమార్గము పడి నాలుగేండ్లు అయినది. గుట్టకు వచ్చే భక్తులు రాయగిరి స్టేషనులో దిగి, అక్కడి నుండి నడచియో బండి కట్టించుకొనియో వచ్చేవారు. తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. 1932లో నిజాం స్టేట్ రైల్వేవారే బస్సులు నడిపినారు. ఆ రైల్వేవారి పెట్టుబడితోనే వెలసిన దక్కన్ ఎయిర్‌వేస్ విమానములు 1946 నుండి బేగంపేటలో ఎగిరినవి. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. 1948లో బొంబాయి నుండి లండనుకు, 1960లో న్యూయార్కుకు మన దేశపు విమానములు పోసాగినవి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది. రెండు నెలలు రెండు దినములైనవి.

కాలము సంగతి చెప్పి గడియారము సంగతి చెప్పకపోతే పాఠము సగమే. భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది; డిగ్రీకి నాలుగు నిమిషములు. మన దేశపు గడియారము కాకినాడకు చేరువగా పోయే 82½ డిగ్రీల రేఖాంశము ననుసరించి నడుస్తుంది. గుట్ట దానికి మూడున్నర డిగ్రీలు పడమట ఉన్నది గనుక, కాకినాడ దగ్గర సూర్యుడు నడినెత్తికి వచ్చిన పదునాలుగు నిమిషములకు గుట్ట మీదికి వస్తాడు. చికాగో గడియారము శీతకాలములో మనకన్న పదకొండున్నర గంటలు, మార్చి రెండవ ఆదివారము నుండి నవంబరు మొదటి ఆదివారము వరకు పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అందుచేత చలికాలములో సోమవారము ఉదయము పది గంటలకు హైదరాబాదులో విమానమెక్కి ఇరువదిమూడు గంటలు ప్రయాణము చేసినవాడు, సోమవారము రాత్రి తొమ్మిదిన్నరకే చికాగోలో దిగుతాడు. తిరుగు ప్రయాణములో శనివారము రాత్రి తొమ్మిదికి బయలుదేరినవానికి ఆదివారము ఆకాశములోనే గడచి, సోమవారము ఉదయము ఏడున్నరకు హైదరాబాదు కనబడుతుంది. పిల్లలు దీనిని వింతగా వింటారు. పోయేటప్పుడు గడియారము దాచిపెట్టిన గంటలను వచ్చేటప్పుడు వసూలు చేసికొంటుంది, అంతే.

నేను ఈ సంగతులలో కొన్నింటిని ఆ వృద్ధురాలికి చెప్పబోయినాను. ఆమె ఓపికగానే వినినది. దారము ఉత్తరమునకు పోవునన్నప్పుడు తలయెత్తి గుట్ట వెనుకకు చూచినది కూడ. నేను ఆపిన తరువాత అన్నది:

"మా పెద్దాయినకు పానం బాగుంటలేదు సారూ. కొడుకు ఆడున్నడు. ఒక్కడే కొడుకు. ఫోను జేస్తె ఎన్ని గంటలకు వాకిట్ల దిగుతడు?"

ఆమె ఇల్లు గుట్టకు దగ్గరి పల్లెలోనే. మా ప్రాంతములో ఈ ప్రశ్న ఆమె ఒక్కతె ప్రశ్న కాదు. ఒకప్పటి నల్లగొండ జిల్లాలో, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాగా ఉన్న ఈ భాగములో, పెద్దలు ఇక్కడను పిల్లలు అక్కడను ఉన్న ఇండ్లు ఇప్పుడు పల్లెపల్లెకు ఉన్నవి. కొడుకు వచ్చువరకు తండ్రి శరీరమును మంచుపెట్టెలో ఉంచి, వాకిట కుర్చీలు వేసికొని ఊరు ఊరంతా ఎదురుచూచుట నేను కన్నులార చూచినాను. అక్కడ ఎవరును కిలోమీటర్లు అడుగరు. "ఎక్కడిదాక వచ్చిండు?" అని అడుగుతారు. "దుబాయిల ఉన్నడట" అని ఎవరో చెప్పుతారు.

వచ్చుటకే వీలులేని కాలమును కూడ చూచినాము. 2020 మార్చిలో అంతర్జాతీయ విమానముల నియమిత సర్వీసులను నిలిపివేసినారు. మరల 2022 మార్చి 27న గాని అవి పూర్తిగా మొదలు కాలేదు. దాని మరునాడే, మార్చి 28న, పునర్నిర్మితమైన గుట్ట ఆలయము భక్తుల కొరకు తెరువబడినది. ఆ రెండేండ్లలో ప్రత్యేక విమానములు కొన్ని నడచినను, వాటిలో చోటు దొరకక తండ్రి చితిని ఫోను అద్దములో చూచిన కొడుకులు ఉన్నారు. వారికి చికాగో వేయి ఆమడలు కాదు. కొలత లేని దూరము. విమానములున్న దినములలోనైనను మరొక అడ్డంకి ఉన్నది. అనుమతి ముద్ర గడువు తీరినవాడు ఇక్కడికి రాగలడు గాని, కొత్త ముద్ర హైదరాబాదులోని అమెరికా కార్యాలయము వంటి చోట వేయించుకొననిదే తిరిగి పోలేడు. ఆ వరుస ఎన్నాళ్లు పట్టునో తెలియక, ఉద్యోగము పోవునని భయపడి, టిక్కెట్టు కొనబోయి ఆగినవాడు కఠినుడని నేను అనలేను.

ఆమెతో ఈ చివరి సంగతులు అనలేదు. పుస్తకము వెనుక తెల్లకాగితము చించి, ఆమెకు చూపుతూ లెక్క వ్రాసినాను. ఆదివారము తెల్లవారుజామున నాలుగు గంటలకు నీవు ఫోను చేసినావనుకో. అక్కడ అప్పటికి శనివారము సాయంకాలము నాలుగున్నర. అతడు బట్టలు సర్దుకొని రాత్రి తొమ్మిదింటి విమానము అందుకొంటే, మనకు ఆదివారము ఉదయము ఎనిమిదిన్నర. మారుటయు, ఆగుటయు కలిపి ఇరువదిమూడు గంటలు. సోమవారము ఏడున్నరకు శంషాబాదు. అక్కడ వరుసలో ఒక గంట. అక్కడి నుండి ఈ గుట్టకు తొంబది కిలోమీటర్లు, కారులో రెండు గంటలు. సోమవారము పదిన్నరకు మీ వాకిట ఉంటాడు. టిక్కెట్టు వెంటనే దొరకవలె, నడుమ విమానము తప్పకూడదు.

"అంటె ఎన్ని గంటలు?"

"ముప్పది గంటలున్నర. పది జాములు, మీద ఒక గడియ."

ఆమె వేలి కణుపుల మీద బొటనవ్రేలితో లెక్కపెట్టుకొనినది. పది దగ్గర ఆగి, మరల మొదటి నుండి లెక్కపెట్టినది.

"పోయినంక జేస్తె పది జాములు పట్టె. మరి ముందుగాల్నే జేస్తె?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోయినాను. ఆమె కూడ దాని కొరకు ఆగలేదు. కాగితము అడిగి తీసికొని, నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడి వేసికొనినది. పిదప, "ఇప్పుడాడ ఎంతైతది సారూ?" అన్నది. గడియారము చూచినాను. తొమ్మిదిన్నర. అక్కడ రాత్రి పది అని చెప్పినాను.

"పండలేదు ఇంక" అని, సంచిలో నుండి ఫోను తీసి, అంకెలు నొక్కి ఇమ్మని నా చేతికి ఇచ్చినది.